పాపతో రాత్రి ప్రయాణం: కారు లోపల ఏ రంగు లైటు పెట్టించాలి?

నల్లగొండ నాన్న:

అందరికీ నమస్తే. చిన్న విషయమే కానీ మా ఇంట్లో పది రోజులుగా దీని మీదే పంచాయితీ నడుస్తోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మాకు ఐదు నెలల పాప. మేముండేది నల్లగొండ, అత్తగారిల్లు మహబూబ్‌నగర్. నెలకు రెండుసార్లు శనివారం నా డ్యూటీ అయిపోయాక బయల్దేరి కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోతాం. పొద్దున పోవచ్చు కదా అంటారేమో, ఈ ఎండల్లో పాపతో పగటి ప్రయాణం మా వల్ల కావట్లేదు, పైగా రాత్రయితే కారు కదిలిన పావుగంటకే నిద్రపోతుంది, పగలైతే దారంతా ఏడుపే.

సమస్య ఏంటంటే, వెనక సీట్లో మా ఆవిడ, పాప. ఊళ్లు దాటాక లోపల చిమ్మచీకటి. పాప పాలు కక్కిందా, దుప్పటి మొహం మీదికి వచ్చిందా, అసలు ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని మా ఆవిడకు ఒకటే టెన్షన్. పది నిమిషాలకోసారి రూఫ్ లైటు వేస్తుంది. అది వెలగగానే ముందు అద్దంలో రోడ్డు మాయమైపోయి నా మొహం, మా సీట్లు కనిపిస్తాయి. పోయిన నెల దేవరకొండ దాటాక సరిగ్గా అలాగే లైటు వేసింది, అదే టైముకు ముందు వడ్ల ట్రాక్టరు, దానికి వెనక లైటూ లేదు, రేడియం స్టిక్కరూ లేదు. చివరి నిమిషంలో బ్రేకు కొట్టా. ఏమీ కాలేదు కానీ పాప లేచి ఏడుపు, మా ఆవిడకు వణుకు, కల్వకుర్తి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. తప్పు ఎవరిదని చెప్పాలి? చూడకుండా ఆమె ఉండలేదు, ఆ లైటుతో నేను నడపలేను.

అందుకని రంగు లైటు స్ట్రిప్ పెట్టిద్దామని కారు డెకార్స్ షాపుకు పోయా. ఆయన 64 రంగులు మారేది, ఫోన్‌తో నడిచేది చూపించి "బ్లూ పెట్టించు అన్నా, లుక్ మస్తుంటది" అన్నాడు. మా బామ్మర్దేమో ఎరుపే పెట్టాలి, విమానాల్లో, సబ్‌మెరైన్లలో ఎరుపే వాడతారు అంటాడు. మా ఆవిడ బెడ్‌లైటులా లేత పసుపు చాలంటుంది. మా అమ్మ "ఎర్ర లైటేందిరా, పిల్ల దడుసుకుంటది" అంటోంది. నిజంగా చంటిపిల్లతో రాత్రి నడిపేవాళ్లు చెప్పండి, ఏ రంగు, ఎక్కడ పెట్టాలి, ఎంత వెలుగు ఉండాలి? పోలీసులు ఆపుతారా? వైర్లు కోస్తే కారు వారంటీ పోతుందా?


పాలమూరు టాక్సీ:

తమ్మీ, పదహారేళ్లుగా ఇదే రోడ్ల మీద తిరుగుతున్నా, ఎక్కువగా శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, అవి రాత్రివే ఉంటాయి. ముందు ఒక మాట, షాపాయన నీకు లుక్ అమ్ముతున్నాడు. ఆ లుక్ బయట నిలబడి చూసేవాళ్లకు, లోపల కూర్చుని నడిపేవాడికి కాదు.

నేనూ ఒకసారి మోజుపడి డ్యాష్‌బోర్డు కింద బ్లూ స్ట్రిప్ పెట్టించా. కస్టమర్లు బాగుందన్నారు. 44వ హైవే మీద భూత్పూర్ దాటి కొత్తకోట వైపు పోతుంటే నా కుడిపక్క కిటికీ అద్దంలో నీలం గీత ఒకటి కనిపించేది, సరిగ్గా బయటి సైడ్ మిర్రర్ ఉండే చోట. వెనక నుంచి వచ్చే బైకు లైటు ఆ గీతలో కలిసిపోయింది. ఒకడు నన్ను తిట్టుకుంటూ పోయాడు, తిట్టడం న్యాయమే. నాలుగో రోజు పీకేశా, ఆ గమ్ మరక ఇంకా అలాగే ఉంది.

కాబట్టి రంగు తర్వాత చూసుకో, ముందు చోటు చూడు. కారు ముందు అద్దం ఏటవాలుగా ఉంటుంది కదా, డ్యాష్‌బోర్డు పైభాగం మీద ఏ వెలుగు పడ్డా అది అద్దంలో కనిపిస్తుంది. అందుకే డ్యాష్‌బోర్డు మీద తెల్ల టవల్ పరిచేవాళ్లు, మెరిసే వెండిరంగు దేవుడి బొమ్మ అంటించేవాళ్లు రాత్రిపూట వాళ్లకు తెలియకుండానే కష్టపడుతుంటారు. నువ్వు చేయాల్సింది ఇది: మీ ఊరి బయట లైట్లు లేని చోట బండి పక్కకు పెట్టి, హెడ్‌లైట్లు డిప్పర్‌లో ఉంచి, నీ సీట్లో కూర్చో. వెనక మీ ఆవిడను ఒక చిన్న లైటు పట్టుకుని ఒక్కో చోట పెట్టి చూడమను. ముందు అద్దంలో, రెండు పక్క అద్దాల్లో, మధ్య మిర్రర్‌లో ఎక్కడ వెలుగు చుక్క కనిపించినా ఆ చోటు వద్దు. నాకు తెలిసి నీ సీటు వెనక భాగంలో కింద, కాళ్ల దగ్గర నేల వైపు తిప్పి పెడితే తప్ప ఎక్కడ పెట్టినా ఏదో ఒక అద్దంలో దొరుకుతుంది.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు అందరూ పది అంగుళాల టచ్ స్క్రీన్ పెట్టిస్తున్నారు. నువ్వు పెట్టబోయే స్ట్రిప్ కన్నా అది పెద్ద దీపం. మ్యాప్‌ను నైట్ మోడ్‌లో పెట్టు, స్క్రీన్ వెలుగు పూర్తిగా తగ్గించు, మీటర్ లైటుకు కూడా తగ్గించే నాబ్ ఉంటుంది, మనవాళ్లు కారు కొన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోరు. అద్దం లోపలివైపు కూడా తుడువు. ఎండకు లోపలి ప్లాస్టిక్ వేడెక్కి జిడ్డు లాంటి పొర పడుతుంది, రాత్రి ఎదురు లైటు పడితే అద్దమంతా పాలు పోసినట్టవుతుంది. తడిగుడ్డతో తుడిచి తర్వాత పాత పేపరుతో రుద్దితే పోతుంది, పైసా ఖర్చు లేదు.


నల్లగొండ నాన్న:

అన్నా, టచ్ స్క్రీన్ సంగతి నిజంగా తట్టలేదు. మాది తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, పాటల పేర్లు తిరుగుతూ. ఈరోజే తగ్గిస్తా. కానీ రంగు సంగతి మాత్రం తేలాలి, లేకపోతే మా బామ్మర్ది ఊరుకోడు.


కళ్లద్దాల కొట్టు:

మాది మిర్యాలగూడ, ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు పరీక్ష చేసి కళ్లద్దాలు రాసేవాణ్ణి. రంగు సంగతి నేను చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

కంటి వెనక పొరలో రెండు రకాల కణాలుంటాయి. కోన్లు పగటివి, రంగులు, సన్నటి వివరాలు చూసేవి. రాడ్లు చీకటివి, రంగు తెలియదు కానీ కొద్దిపాటి వెలుగునూ పట్టుకుంటాయి. వెలుగులో నుంచి చీకట్లోకి పోతే కోన్లు పది నిమిషాల్లో సర్దుకుంటాయి, రాడ్లు పూర్తిగా సర్దుకోవడానికి అరగంట, ఇంకా ఎక్కువే పడుతుంది. అంతసేపు సంపాదించుకున్న చీకటి చూపు గట్టి తెల్ల లైటు పడితే కొన్ని సెకన్లలో పోతుంది. సినిమా హాల్లోకి ఆలస్యంగా పోయినప్పుడు సీటు వెతుక్కోవడం గుర్తుందిగా, అదే.

రాడ్లు అన్నిటికన్నా ఎక్కువగా స్పందించేది సుమారు 500 నానోమీటర్ల (వెలుగు రంగును అంకెల్లో చెప్పే కొలత) వెలుగుకు, అంటే నీలి ఆకుపచ్చ. 620, 630 నానోమీటర్ల ఎరుపుకు చాలా తక్కువ స్పందిస్తాయి. మీ బామ్మర్ది చెప్పే సబ్‌మెరైన్ ఎరుపు వెనకున్న లెక్క ఇదే, అబద్ధం కాదు. నీలం, ఆకుపచ్చ మాత్రం మీరు వద్దనుకోవాల్సిన రంగులు. నీలం ఇంకో రకంగానూ చెడ్డది, కంట్లో అది ఎక్కువ చెదురుతుంది, దాని ఫోకస్ కూడా మిగతా రంగులతో కలవదు, అందుకే రాత్రి దూరం నుంచి నీలం బోర్డులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి.

అయితే బామ్మర్ది మర్చిపోయింది ఒకటుంది. సబ్‌మెరైన్‌లో మనిషి లోపలి నుంచి నిజమైన చీకటిలోకి చూడాలి. మీరు రోడ్డు మీద సొంత హెడ్‌లైట్ల వెలుగులో, ఎదురొచ్చే లారీ ఫోకస్‌లో నడుపుతున్నారు. మీ కళ్లు ఏ సమయంలోనూ పూర్తి చీకటి చూపుకు చేరవు, రాడ్లు కోన్లు రెండూ కలిసి పనిచేసే మధ్యరకం వెలుగులో ఉంటాయి. కాబట్టి ఎరుపు వల్ల మీకు దొరికే లాభం సబ్‌మెరైన్ వాడికి దొరికినంత కాదు. పైగా ఎరుపు వెలుగులో వివరాలు సరిగ్గా తెలియవు కాబట్టి మీ ఆవిడ ఇంకాస్త, ఇంకాస్త అని వెలుగు పెంచుకుంటూ పోతారు. ఎక్కువ వెలుగున్న ఎరుపు కన్నా బాగా తగ్గించిన లేత నారింజ నయం. అద్దంలో నీడ పడటం గురించి టాక్సీ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు, దానికి రంగుతో పనిలేదు.

నా ఓటు నారింజ కలిసిన పసుపుకు, పాప మొహం ఆనవాలు తెలిసేంత వరకే. ఎంత తక్కువ అంటే, వెలిగించిన వెంటనే "ఇది పనిచేస్తోందా" అనిపించాలి, అయిదు నిమిషాలయ్యాక సరిపోవాలి.

ఒక తిరకాసు. 64 రంగుల స్ట్రిప్‌లో మీకు కనిపించే పసుపు అసలు పసుపు కాదు. దాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే ఎల్‌ఈడీలు, ఎరుపూ ఆకుపచ్చా కలిపి వెలిగిస్తే పసుపులా అనిపిస్తుంది. ఆ ఆకుపచ్చ సరిగ్గా రాడ్లకు తగిలేది. అసలు నారింజ ఎల్‌ఈడీ ఒకే రంగుది దొరుకుతుంది, చౌక కూడా, షాపులో "ఆంబర్" అని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా నడుపుతారా? అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడోవంతే, వాళ్లకు ఈ అద్దం నీడలు ఇంకా ఎక్కువ ఇబ్బంది.


బామ్మర్ది:

బావా, ఇంటి సంగతి తెచ్చి ఇక్కడ పెట్టావా. ఆ బామ్మర్దిని నేనే. ఎరుపు సైన్సు ప్రకారం కరెక్టే అని సారే ఒప్పుకున్నాడు, చదువుకోండి అందరూ. మా అక్కకు ఈ లింకు పంపిస్తున్నా.


రాత్రి డ్యూటీ సిస్టర్:

బామ్మర్ది తమ్ముడూ, కొంచెం ఆగు. నేను పుట్టిన పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, ఇద్దరు పిల్లల తల్లిని. ఎవరూ అనని మాట ఒకటి చెప్తా.

మీ ఆవిడ లైటు వేసేది ఎందుకు? పాపకు ఏమైనా అయిందేమో చూడటానికి. మేం పిల్లల్లో మొదట చూసేది రంగు. పెదవులు, నాలుక నీలంగా మారాయా, ఒంటి మీద దద్దుర్లున్నాయా, కళ్లు పచ్చబడ్డాయా. ఎర్ర లైటు కింద పెదాలన్నీ ఒకే రంగు, ఎర్ర దద్దుర్లు చర్మంలో కలిసిపోతాయి. పసుపు లైటు కింద కామెర్లు తెలియవు, బాగున్న పిల్ల కూడా పచ్చగా కనిపిస్తుంది. నీలం లైటు కింద బాగున్న పిల్లకు కూడా పెదాలు నల్లబడినట్టుంటాయి, అప్పుడు మీ భయం రెండింతలు. కాబట్టి రంగు లైటుతో మీరు చూడగలిగేది పాప మొహం మీద దుప్పటి పడిందా, తల ముందుకు వాలిపోయిందా, పాలు కక్కిందా అన్నంత వరకే. అంతకన్నా అనుమానం వస్తే ఏ రంగూ వద్దు, బండి రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆపి, ఇండికేటర్లు వేసి, మామూలు తెల్ల లైటు వేసి చూడండి. నడుస్తున్న బండిలో టార్చి వేసి చూడటం, పాపకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

నీలం లైటు గురించి ఇంకొకటి, మా వార్డులో కామెర్ల పిల్లలను నీలం లైటు కింద పడుకోబెడతారు, దాన్ని చూసి కొందరు "బ్లూ లైటు పిల్లలకు మంచిదే కదా" అని అడుగుతారు. అది సుమారు 460 నుంచి 490 నానోమీటర్ల గట్టి వెలుగు, కళ్లకు గంతలు కట్టి, ఒంటికి డైపర్ మాత్రం ఉంచి, డాక్టర్ లెక్క ప్రకారం ఇచ్చే వైద్యం. కారులో మెరిసే స్ట్రిప్‌కూ దానికీ సంబంధం లేదు. పైగా శరీరానికి "ఇది పగలు" అని చెప్పే వెలుగు కూడా ఆ నీలమే. మూడు నెలలు దాటాక పిల్లలకు రాత్రి పగలు తేడా కుదురుతూ ఉంటుంది, ఐదు నెలల పాపకు అది ఇప్పుడిప్పుడే గాడిలో పడే టైము. రాత్రి తొమ్మిదికి నీలం లైటు కింద పెట్టి తర్వాత నిద్రపోవట్లేదని బాధపడితే ఎట్లా? ఈ వయసుకు రంగులు కూడా బాగా తెలుస్తాయి, మారే లైట్లంటే వాళ్లకు ఆటే, నిద్ర కాదు.

ఇంకా అడగాల్సిన ప్రశ్న మీరు అడగలేదు. మీరు రాసిందాంట్లో కార్ సీటు మాట ఎక్కడా లేదు. పాప ఒళ్లోనే ఉందా? ఒళ్లో ఉంటే ఆ ట్రాక్టరు వెనక మీరు బ్రేకు కొట్టినప్పుడు మీ ఆవిడ చేతులే పాపకు బెల్టు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే ఆరేడు కిలోల పిల్లను ఏ తల్లీ పట్టుకోలేదు, ప్రేమ తక్కువై కాదు, బరువు అన్ని రెట్లు పెరుగుతుంది. 2019లో మారిన మోటారు వాహనాల చట్టంలో 194బి అని ఉంది, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా కోసం కాదు, పాప కోసం పెట్టించండి. వెనక సీట్లో, పాప మొహం కారు వెనక వైపుకు ఉండేలా బిగించేది. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఎప్పుడూ పెట్టకండి. ఆ పిల్లల సీట్లోనూ గంటలకు గంటలు పడుకోబెట్టొద్దు, రెండు గంటలలోపే ఒకసారి ఆపి బయటికి తీసి, పాలిచ్చి, వీపు సాపు చేసి మళ్లీ పెట్టండి.


నల్లగొండ నాన్న:

సిస్టర్, దాచేదేముంది, ఒళ్లోనే. కార్ సీటు కొనాలని అనుకున్నాం, మా ఇళ్లలో పెద్దవాళ్లు "మనం పిల్లల్ని అట్ల పెంచినమా" అన్నారు, మేమూ ఊరుకున్నాం. మీరు రాసింది మా ఆవిడ చదివి ఏమీ మాట్లాడలేదు. అయితే పాప మొహం వెనక్కి ఉంటే డ్రైవింగ్ సీట్లో నుంచి నాకు అసలు కనిపించదు కదా, అప్పుడు వెనక తలదిండుకు కట్టే చిన్న అద్దం పెట్టుకోవచ్చా?


రాత్రి డ్యూటీ సిస్టర్:

పెట్టుకోండి, కానీ ఆ అద్దం మీ ఆవిడ కోసం అనుకోండి, మీ కోసం కాదు. మీరు పాపను చూస్తూ నడిపితే రోడ్డెవరు చూస్తారు? పక్కన మీ ఆవిడ ఉందిగా, ఆమెను చూడనివ్వండి. పగిలే గాజు కాకుండా ప్లాస్టిక్‌ది తీసుకోండి, పట్టీ గట్టిగా కట్టండి.


12 వోల్టులు:

వైరింగ్ మనిషి కావాలి కదా, వచ్చా. కార్ల కరెంటు పనే నాది, సూర్యాపేట.

మీరన్న 64 రంగుల పెట్టెలో చిన్న రిమోట్ వస్తుంది చూశారా, దాంట్లో రూపాయి బిళ్ల లాంటి గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. ఐదు నెలల పాప చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే వయసు. ఆ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లో లోపల కాలినంత గాయం చేయగలదు, ఇది నిజంగా ప్రాణాల మీదికి వచ్చే సంగతి. కొన్ని రిమోట్ల మూతకు స్క్రూ కూడా ఉండదు, గోటితో తీస్తే వచ్చేస్తుంది. రంగు సంగతి పక్కనబెట్టండి, ఈ ఒక్క కారణంతో నేను చిన్నపిల్లలున్న బండికి రిమోట్ స్ట్రిప్ వేయను. ఎప్పుడైనా మింగినట్టు అనుమానమొస్తే ఇంట్లో చిట్కాలు చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఫోన్‌తో నడిచేవాటితో నా చికాకు వేరు. కొన్ని కంట్రోలర్లు బండి ఆపి మళ్లీ స్టార్టు చేస్తే పాత సెట్టింగు మర్చిపోతాయి. మీరు తగ్గించి పెట్టిన నారింజ పోయి ఇంజన్ వేయగానే తెల్లగా, లేదా ఏడు రంగులూ తిరుగుతూ పెళ్లి పందిరిలా వెలుగుతుంది. టోల్‌గేట్ దగ్గర ఆపి స్టార్టు చేస్తే మళ్లీ ఫోను తీయాలి. చౌక డిమ్మర్లు వెలుగు తగ్గించడానికి దాన్ని గబగబా ఆర్పుతూ వెలిగిస్తుంటాయి, తల తిప్పితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, కొందరికి దాంతో తలనొప్పి. ఫోన్ కెమెరాలో చూడండి, గీతలు పరిగెడుతుంటే అదే అర్థం.

నేనైతే ఏం చేస్తానంటే, ఒకే రంగు ఆంబర్ స్ట్రిప్, జానెడు ముక్క చాలు. డ్రైవర్ సీటు కింద వెనక వైపు, నేలకు తిప్పి. వెలుగు నేల మ్యాట్ మీద పడి అక్కడి నుంచి మెత్తగా పైకి లేస్తుంది, ఎల్‌ఈడీ చుక్క ఎవరి కంటికీ నేరుగా కనపడదు. వెనక కూర్చున్నవాళ్ల చేతికి అందే చోట ఒక స్విచ్చి. ఫ్యూజ్ బాక్సులో ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజ్ చోటే గుచ్చి కొత్త లైటుకు కరెంటు తీసే చిన్న ముక్క) పెట్టి తీసుకుంటే ఒక్క వైరూ కోయాల్సిన పని లేదు, దానికి విడిగా చిన్న ఫ్యూజ్ వేస్తే సరి. వారంటీ గురించి అడిగారు, వైరు కోసి అతికిస్తే కరెంటు పార్టుల మీద పేచీ పెట్టడానికి సర్వీసు సెంటరుకు అవకాశం ఇచ్చినట్టే. కొత్త బండైతే అదీ వద్దు, ముందు యూఎస్‌బీ పాయింటుకు గుచ్చే చిన్న లైటు తీసుకుని వైరు సీటు కింద నుంచి పంపండి, అదే ఎంతో నయం.

రెండు చోట్ల మాత్రం ఎవర్నీ చేయి పెట్టనివ్వకండి. ముందు అద్దం పక్క స్తంభాల ప్లాస్టిక్ లోపల, తలుపుల పైన, చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (గుద్దుకున్నప్పుడు కిటికీల మీదికి తెరలా దిగేవి) ఉంటాయి, దానికి అడ్డంగా వైరు లాగితే అది తెరుచుకోవాల్సినప్పుడు సరిగ్గా తెరుచుకోదు. సీట్ల కింద పసుపు తొడుగుతో వైర్లు, కనెక్టర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి, టెస్టర్ కూడా పెట్టొద్దు. మా దగ్గరికి ఒక బండి వచ్చింది, ఎవరో స్ట్రిప్‌కు కరెంటు కోసం పసుపు వైరే కోశారు, మీటర్లో ఎయిర్‌బ్యాగు లైటు ఆరకుండా వెలుగుతోంది, ఓనరు దానిమీద నల్ల టేపు అంటించుకుని తిరుగుతున్నాడు.

గమ్ సంగతి కూడా. మన ఎండలకు మూసి పెట్టిన కారులో రెండు వైపులా అంటుకునే టేపు మెత్తబడి జారుతుంది. స్ట్రిప్ వేలాడితే పాప లాగుతుంది. ప్లాస్టిక్ క్లిప్పులతో బిగించమనండి.

పోలీసుల గురించి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది ముందుకు ఎర్ర లైటు, వెనక్కి ఎరుపు కాకుండా ఇంకో లైటు కనపడకూడదంటుంది, కానీ బండి లోపలి లైటుకు దాంట్లో మినహాయింపు ఉంది. అందుకని కాళ్ల దగ్గర మసకగా వెలిగేదాన్ని ఎవరూ అడగరు. ముందు అద్దం దగ్గర ఎరుపు నీలం మిణుకుమిణుకుమంటూ పెడితే మాత్రం ఆపుతారు, ఆపాలి కూడా.


పాలమూరు టాక్సీ:

12 వోల్టులు గారూ, ఆ గమ్ సంగతి మీరు నాకు ముందే చెప్పాల్సింది.

తమ్మీ, మరొకటి. మీ రూటులో రాత్రి పదకొండు తర్వాత టీ కొట్లు తక్కువ. కల్వకుర్తిలో ఆపే అలవాటు చేసుకో, పాలు పట్టడం, డైపర్ మార్చడం అక్కడే కానిచ్చేయండి. ఎప్పుడైనా శ్రీశైలం వైపు పోవాల్సొస్తే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, పిల్లతో అక్కడ చిక్కుకోవద్దు.


నల్లగొండ నాన్న:

మూడు వారాలైంది, చెప్పి ముగిద్దామని వచ్చా. ముందు కార్ సీటు కొన్నాం. మొదటి రోజు పాప దాంట్లో కూర్చోగానే కొండమల్లేపల్లి దాకా గొంతు చించుకుంది, రెండోసారి అరగంట, ఇప్పుడు బెల్టు బిగిస్తుంటే నన్నే చూస్తుంది. మా అమ్మ ఒకసారి మాతో వచ్చి, సీట్లో పాప తల ఊగకుండా ఉండటం చూసి ఇంకేమీ అనలేదు.

లైటు ఆంబర్‌దే పెట్టా, యూఎస్‌బీది, నా సీటు వెనక కింద. పెట్టేముందు పానగల్లు దాటాక చీకట్లో ఆపి టాక్సీ అన్న చెప్పినట్టు పరీక్ష చేశాం. మొదట సీటు వెనక జేబులో పెడితే ఎడమ కిటికీలో చక్కగా కనిపించింది, నేలకు తిప్పాక పోయింది. అయినా కాస్త ఎక్కువే అనిపించి, దాని మీద రెండు పొరల బ్రౌన్ టేపు వేశా, చేయి పెట్టి చూశా, వేడెక్కడం లేదు. మా ఆవిడ మొదటి అయిదు నిమిషాలు "ఏం కనిపిస్తలేదు" అంది, చింతపల్లి రోడ్డు మలుపు వచ్చేసరికి పాప చేతిలో ఉన్న సాక్సు కూడా కనిపిస్తోందంది. ముఖ్యంగా రూఫ్ లైటు ఆ రోజు నుంచి ఒక్కసారీ వేయలేదు, దాని స్విచ్చి మీద కూడా టేపే.

విచిత్రమేంటంటే, వెలుగన్నీ తగ్గించాక తెలిసింది, ఇన్నాళ్లూ సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టిన చార్జరుకు ఒక నీలం చుక్క ఉంది, అది గేరు రాడ్ మీద పడి ముందు అద్దంలో మెరుస్తోంది. మూడేళ్లుగా అది రోడ్డు మీద ఉన్నదేదో అనుకుంటున్నా.


బామ్మర్ది:

ఆ చార్జరు నేనే ఇచ్చా బావా.